ఆరు కండువాల పెద్దమామ

నా కోపం గురించి ముందే చెప్పడం మంచిది. ప్రొద్దుటూరు బట్టల బజారులో మా తువాళ్ల దుకాణానికి వచ్చేవాళ్లందరికీ అది తెలుసు. బేరమాడితే నవ్వుకుంటాను. బట్టను గోటితో గీకి "ఇది నూలేనా?" అని అనుమానంగా చూస్తే మాత్రం, తువాలు లాక్కుని మడత పెట్టేస్తాను. అలాంటి నా దగ్గర దొంగతనం జరిగింది. గల్లాపెట్టె ముట్టలేదు, సరుకు ముట్టలేదు. ఏ ఊరివాడో, ఎట్లాంటివాడో, మా పెద్దమామ ఫోటో ఎత్తుకుపోయాడు.

పెద్దమామ మా అమ్మకు అన్న. పులివెందుల దాటి వేముల దగ్గర పల్లెలో సేద్యం చేస్తాడు. ఒకసారి జమ్మలమడుగులో కంటి డాక్టరు దగ్గరికి నన్ను తోడు పిలుచుకుని వచ్చి, కొత్త అద్దాలు పెట్టుకుని, "ఇంత దూరం వచ్చి మైలవరం చేపలు తినకుండా పోతే ఎట్లమ్మీ" అన్నాడు. సరేనని ఆటో మాట్లాడుకుని పోయాం. డ్యాం దగ్గర చేపలు కొని, సంచి పక్కన పెట్టి, కట్ట మీద గాలికి నిలబడ్డాడు. నల్లటి మొగం, తెల్లటి మీసం, భుజం మీద మా దుకాణం తెల్ల తువాలు. నేను ఫోను తీశాను.

"మే, నన్ను దేనికి తీస్తాండావు?" అని మొగానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తువాలు కోసం మామా. ఇంటర్నెట్లో పెట్టి అమ్ముతాం."

"అట్లయితే తువాలును తియ్. దాని కింద నేనేంటికి?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో మా పల్లెల్లో మగవాళ్లు ఫోటో దిగేవాళ్లు కాదు. ఒక్క ఫోటో అవతలి పక్కవాళ్ల చేతికి చిక్కితే, ఎన్నడూ చూడని కిరాయి మనిషి కూడా బస్టాండులో నిన్ను గుర్తుపడతాడు. నా పెండ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు బయటి ఊరివాడు, పాపం ఈ సంగతి తెలియదు. మగవాళ్ల బంతి వైపు కెమెరా తిప్పగానే అందరూ తువాళ్లు మొగాల మీదికి లాక్కున్నారు. ఒకాయన పప్పన్నం ముద్ద నోట్లో ఉండగానే లాక్కున్నాడు, పొరపోయింది. నా పెండ్లి ఆల్బంలో పెద్దమామ ఒక మోచెయ్యి. చిన్నమామ ఒక వీపు. ఆడవాళ్లు, పిల్లలు, లడ్డూలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

చిన్నమామ మా అమ్మకు తమ్ముడు. అన్నదమ్ములిద్దరివీ ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు. నా చిన్నప్పుడు సెలవులకు పోతే ఒకరి భుజం మీద ఎక్కి ఒకరి భుజం మీద దిగేదాన్ని. తర్వాత ఊరు రెండుగా చీలింది. పెద్దమామను ఏదో కేసులో నుంచి బయట పడేసిన పెద్దమనిషి ఒక పక్క, చిన్నమామ అత్తగారి వాళ్లు ఇంకో పక్క. అన్నదమ్ములు కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడం మానేశారంతే. తిట్టుకున్నా బాగుండేది, తిట్లలో పలకరింపన్నా ఉంటుంది. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇద్దరూ పాడెకు ముందొకరు వెనకొకరు పట్టారు, ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు. ఆ రోజు నాకు వచ్చిన ఏడుపులో సగం వీళ్ల కోసమే.

మావాళ్లు మిషన్ తెల్లదొరలు వచ్చిన కాలంలో క్రైస్తవంలో కలిసినవాళ్లు. ఊర్లో దొరలు కట్టిన చర్చి ఉంది. లోకంలో అన్ని చోట్లా చర్చిలో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క కూర్చుంటారు. మా ఊర్లో ఆ పద్ధతిని ఫ్యాక్షన్ మింగేసింది. కుడి పక్క ఒక వర్గం, ఎడమ పక్క ఒక వర్గం, పిల్లాజెల్లాతో సహా. పాస్టరు అయ్యగారు ఒక వాక్యం కుడికి తిరిగి చెప్పి, మళ్లీ అదే వాక్యం ఎడమకు తిరిగి చెప్తాడు. గొర్రెలను కుడి పక్కన పరలోకానికి, మేకలను ఎడమ పక్కన నరకానికి నిలబెట్టే ప్రసంగం మాత్రం ఆయన మా ఊర్లో ఎన్నడూ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఎడమ పక్కవాళ్లు బతకనిస్తారా!

కాలం గడిచి బాంబులు పోయాయి, కండువాలు వచ్చాయి. వర్గాలే పార్టీలయ్యాయి. మా వైపు పార్టీ మారడానికి సంతకం అక్కర్లేదు, మాట అక్కర్లేదు. కండువా మెడలో పడితే మారినట్టే. అందుకే ఎన్నికలు దగ్గరపడితే పెద్దమామ చలికాలంలో కూడా రంగు గుడ్డ మెడకు చుట్టుకోడు. తెల్ల తువాలే. ఏ రంగు ఏ పార్టీదో నేను చెప్పను. ఆ ఊరికి నేను మళ్లీ మళ్లీ పోవాలి.

ఇంతకూ కట్ట మీద ఫోటోకు ఆయన ఒప్పుకున్నాడు. తీశాక కొత్త అద్దాల్లోంచి చాలాసేపు చూసుకుని, "బాగనే ఉండాడే!" అన్నాడు, ఎవరో పరాయి మనిషిని మెచ్చుకున్నట్టు. ఆ ఫోటో పెట్టాక మా తువాళ్లు ఎక్కడెక్కడికో అమ్ముడుపోయాయి. అక్కడిదాకా అంతా సుఖమే.

ఎన్నికల ముందు ఒకరోజు దుకాణంలో ఉండగా జమ్మలమడుగు నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసింది. "వదినా, మీ పెద్దమామ పార్టీ మారినాడంట గదా!"

"ఎవరే చెప్పింది? ఆయన సొక్కా మార్చడానికే ఒప్పుకోడు, పార్టీ మారుస్తాడా!"

"ఫోటో వచ్చిండాది వదినా. కండువాతో ఉండాడు."

పంపించింది. తెరిచి చూశాను. పెద్దమామే. అదే మీసం, అదే నీళ్లు. భుజం మీద చిన్నమామ పార్టీ కండువా. కానీ కన్నార్పకుండా చూస్తే కండువా మడత నాకు తెలిసిపోయింది, ఆ మడత వేసింది నేనే కాబట్టి. అది నా తెల్ల తువాలు. రంగు వేశారు. వెతకగా వెతకగా, ఆన్‌లైన్లో కండువాలు అమ్మేవాడొకడు దొరికాడు. వాడి పేజీలో మా పెద్దమామ ఒకసారి కాదు, వరసగా ఆరుసార్లు ఉన్నాడు. ఒకే మనిషి, ఒకే మీసం, ఆరు రంగుల కండువాలు. రాష్ట్రంలో ఉన్న పార్టీలు చాలక పక్క రాష్ట్రాల పార్టీల్లో కూడా చేర్పించేశాడు. ఎవరో అందులోంచి ఒక్కటి కత్తిరించి ఊరంతా పంచారు.

నాకు వచ్చిన కోపానికి దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకీలు చెప్పకుండానే వెళ్లిపోయారు. వాడి సరుకు అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీకి ఫోన్లో ఫిర్యాదు రాశాను. అటువైపు మనిషో మిషనో తెలియదు, వెంటనే జవాబు వచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీరు ఆర్డర్ చేసిన వస్తువు ఏది?"

"వస్తువు కాదయ్యా, మా మామ!" అని టైపు కొట్టాను.

"క్షమించండి, ఆ వస్తువు మా వద్ద లేదు. దగ్గరలో ఉన్నవి చూపమంటారా?" అని వచ్చింది. కింద మళ్లీ మా మామే, ఆరు రంగుల్లో.

నాలుగు తిట్లు కొట్టాక ఇంకో జవాబు వచ్చింది. ఫోటోలో ఉన్న వ్యక్తి తన గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని, మొగం కనపడేట్టు మరో ఫోటో దిగి పంపాలట. ఎన్నడూ ఫోటో దిగనివాడు ఒక్కసారి దిగితే దొంగలపాలైంది, దాన్ని విడిపించడానికి మళ్లీ దిగాలట! దుకాణం మా ఆయనకు అప్పజెప్పి, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. దారి పొడుగునా నా భయమొకటే. ఇన్నేండ్లు ఒక్క పక్కనే నిలబడిన మనిషిని సొంతవాళ్లు అనుమానిస్తే, ఈ వయసులో ఆయన తలెత్తుకోగలడా?

వేములలో ఆటో దిగి ఇల్లు చేరేసరికి వాకిట్లో రెండు జతల చెప్పులున్నాయి. లోపల మంచం మీద పెద్దమామ కొయ్యబారి కూర్చున్నాడు. ఆయన పక్కన, తొడకు తొడ ఆనించుకుని, చిన్నమామ! గోడకు ఆనుకుని మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చిన్నమామ ఆ ఇంటి గడప తొక్కి ఎన్నేండ్లైందో నేను లెక్క పెట్టలేను.

"రామ్మీ, రా!" అని చిన్నమామ లేచి, వాకిలి దాకా వచ్చి, నాతో చెప్పాల్సిన మాట వీధికి చెప్పాడు. "అన్న మాపక్కకు వచ్చినాడు! ఆయన అంత చేసినాంక, నేను ఎదురింటి నుంచి రాకుంటే బాగుంటాదా?"

నేను నోరు తెరిచాను. పెద్దమామ అద్దాల పైనుంచి ఒక చూపు చూశాడు. చిన్నప్పుడు చేన్లో వేరుశనక్కాయలు పీకుతుంటే చూసే చూపు అది. నోరు మూసుకున్నాను. నా నోరు అట్లా మూసుకోవడం మా ఆయన చూసి ఉంటే వీడియో తీసి పెట్టుకునేవాడు.

చిన్నమామ చేతిలో మైసూర్‌పాకు పొట్లం ఉంది. ఒక ముక్క తుంచి అన్న నోటికి అందించాడు. పెద్దమామకు చక్కెర జబ్బు. అయినా తిన్నాడు. ఇంకో ముక్క ఇస్తే అదీ తిన్నాడు. అత్త "ఒద్దు, ఒద్దు" అని సైగ చేస్తూనే ఏడుస్తోంది.

చిన్నమామ వెళ్లాక ఫోను తీసి ఆరుగురు పెద్దమామలనూ చూపించాను. ఒక్కొక్కరినీ వేలితో జరిపి చూశాడు.

"నేను చేరలేదని వానికి చెప్పబోయినా మే," అన్నాడు చివరికి. "వాడు గడప దాటి లోపలికి వస్తానే, మా నాయన నడక మాదిరే ఉండాది వాని నడక. ఎదురింట్లో ఉండి కూడా నేను చూసుకోలే. నోట్లో మాట నోట్లోనే పాయె."

"ఫిర్యాదుకు నీ కార్డు పట్టుకుని ఫోటో దిగు మామా."

"నా మొగం నాదేనని నేను రుజువు చూపాల్నా? ఆ దొంగనాయాలు యా రుజువు చూపిచ్చినాడు?" అని గయ్యిమన్నాడు. అయినా దిగాడు. కార్డు తలకిందులుగా పట్టుకున్నాడు, మళ్లీ దిగాడు. "పంపిచ్చు. కానీ ఈ ఆదివారం దాకా ఆ ఫోటో ఉంటే బాగుండు," అని గొణిగాడు. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఏదో ఒక పక్క కూర్చోక తప్పదు కదా. ఆయన గుబులంతా అదే.

అంతలో మోటారు సైకిలు వచ్చి ఆగింది. పెద్దమామ వర్గం పెద్దమనిషి దగ్గర తిరిగే ఇద్దరు మనుషులు. మొగాలు గంటు పెట్టుకుని ఉన్నారు. పాతకాలమైతే అత్త తలుపు గడియ పెట్టేది. ఇప్పుడు మాత్రం కన్నీళ్లు తుడుచుకుని మజ్జిగ తెచ్చింది.

"ఏమి మామా, మాటైనా చెప్పకుండా పోతివే?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "అన్న అన్నం తినలే, తెలుసునా?" వాళ్లు అన్న అనేది ఆ పెద్దమనిషిని.

నేను ఊరుకుంటానా? ఫోను వాళ్ల మొగాల ముందు పెట్టాను. "చూడండప్పా! ఒక్క పార్టీలో కాదు, ఆరు పార్టీల్లో చేరినాడు. ఎన్నిట్లోంచి సస్పెండ్ చేస్తారో చేసుకోండి!"

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. చిన్నవాడు నాలుగోది చూపించి, "ఇది యా పార్టీదిక్కా?" అన్నాడు.

"పార్టీది కాదు. పెండ్లిండ్లకు వేసుకునేది."

వాళ్ల మొగాలు మెల్లగా విచ్చుకున్నాయి. పెద్దవాడు పకపకా నవ్వి మజ్జిగ మొత్తం తాగేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మన రంగు బాగనే కొట్టినాడే. బట్ట ఎట్లుంటాదో? ఎన్నికలకు శానా కావాల" అంటూ అక్కడే, మా మంచం మీదే కూర్చుని, ఆ దొంగ దగ్గరే కండువాలు ఆర్డర్ పెట్టాడు. తువాళ్లమ్మే నేను ఎదురుగా గుంజలాగా నిలబడి ఉన్నాను! "నా దగ్గర కొనుక్కోవచ్చు కదప్పా" అంటే, "నీకాడ రంగులుండవు గదక్కా" అన్నాడు. చెప్పు తీసుకుందామనుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

పోతూ పోతూ వాడు పెద్దమామతో, "ఆదివారం మనపక్క ముందు వరసలో కూర్చో మామా. జనం చూడాల. అన్న గూడా అదే చెప్తాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ నవ్వులో పాతకాలం కొంచెం మిగిలి ఉంది.

ఆదివారం నేనూ అత్తా ముందుగానే చర్చికి పోయాం. అంత మందిని ఆ చర్చిలో క్రిస్మస్‌కు కూడా చూడలేదు. ఎన్నడూ రానివాళ్లు కూడా పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. ఎడమ పక్క చిన్నమామ తన పక్కన చాప మీద చోటు వదిలి, చేతిరుమాలు పరిచాడు. బస్సులో సీటుకు వేసినట్టు. కుడి పక్క ముందు వరసలో మోటారు సైకిలు మనుషులిద్దరూ చోటు ఉంచారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టకుండా వాకిలి వైపే చూస్తున్నాడు.

పెద్దమామ వచ్చాడు. తెల్ల పంచ, తెల్ల తువాలు. గడప దగ్గర చెప్పులు విడిచి, నడవా మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. కుడికి చూశాడు, ఎడమకు చూశాడు. అత్త నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"రేయ్," అన్నాడు పెద్దమామ తమ్ముడితో. అన్నేండ్ల తర్వాత అందరి ముందూ తమ్ముణ్ణి పిలిచిన పిలుపు అదే. "నేను పార్టీ మారలే. ఆ ఫోటో దొంగది. ఎవుడో రంగు కొట్టినాడు. నువ్వు ఇంటికి వచ్చిన దినమే నీకు చెప్పాల్సింది. చెప్తే మళ్లా లేసి పోతావని చెప్పలే. దేవుని ముందర గూడా అబద్ధంగా కూర్చోలేను."

అని, మెల్లగా కుడి పక్కకు పోయి, ముందు వరసలో కాదు, అందరికంటే వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ పక్క చిన్నమామ చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు. అయ్యగారు ఆ రోజు ప్రసంగం కుడికీ చెప్పలేదు, ఎడమకూ చెప్పలేదు. పైకప్పు చూసి చెప్పాడు. నేను ఒక్క మాట వినలేదు. ఆ కంపెనీవాణ్ణి, రంగువాణ్ణి, ఫోను కనిపెట్టినవాణ్ణి లోపలే తిట్టుకుంటూ కూర్చున్నాను. దేవుడు విని ఉంటే విననీ అనుకున్నాను.

ఆరాధన అయ్యాక పెద్దమామ చెప్పులు వెతుక్కుంటున్నాడు. చిన్నమామ నేరుగా ఆయన దగ్గరికి వచ్చాడు. రెండు పక్కలవాళ్లూ ఇంటికి పోకుండా నిలబడిపోయారు.

"నువ్వు మారలేదని నాకు తెలుసులేన్నా," అన్నాడు చిన్నమామ, ఈసారి వీధికి వినపడకుండా. "సచ్చినా నువ్వు మారతావా?"

"మరి ఏంటికొస్తివిరా?"

చిన్నమామ ఫోను తీశాడు. తెరచి చూపించాడు. తెర మీద మొదట కనపడే చోట, టైము చూపే అంకెల వెనక, పెద్దమామ ఉన్నాడు. చిన్నమామ పార్టీ కండువాతో.

"మా పార్టీకి కండువాలు చూస్తాంటి. ఒక్కసారిగా నువ్వు కనపడితివి. నీ ఫోటో నాకాడ ఒకటన్నా ఉండాదా? మే, నీ ఆల్బంలో చూస్తే మోచెయ్యి ఉండాది!" అని నా మీదికి తిరిగి, మళ్లీ అన్న వైపు తిరిగాడు. "మా రంగుతో ఉండావు గదా, ఎవురూ అడగర్లే అని పెట్టుకుంటి. మావోడొకడు చూసె. 'మీ అన్న ఫోటో నీ ఫోన్లో ఏంటికుండాది' అనె. ఏం చెప్పాల? మాపక్కకు వచ్చినాడు, అందుకే పెట్టుకున్యా అని చెప్తి. వాడు దాన్నే లాక్కొని సాయంత్రానికి మండలమంతా పంపిచ్చె. పంపిచ్చినాంక అనుకుంటి, ఊరంతా అనుకుంటాంది గదా, ఈ సాకుతోనన్నా ఒకసారి గడప తొక్కి వద్దామని."

పెద్దమామ అద్దాలు తీసి తువాలు కొసతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "చక్కెర జబ్బోనికి రెండు ముక్కలు మైసూర్‌పాకు తినిపిస్తివి కదరా నాయాలా," అన్నాడు. చిన్నమామ నవ్వబోయి ఏడ్చేశాడు. నాకు కూడా అక్కడే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ కన్నీళ్లలోనే నాకు ఒక మంచి ఆలోచన వచ్చిందనుకున్నాను. "చిన్నమామా, ఆ దొంగ ఫోటో నీకెందుకు? అసలుది నాకాడ ఉంది. తెల్ల తువాలుతో. ఇప్పుడే పంపిస్తా."

చిన్నమామ కంగారుగా ఫోను వెనక్కి లాక్కున్నాడు. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒద్దు మే. తెల్లది పెట్టుకుంటే మావోళ్లు ఊరుకోరు. ఇదే ఉండనీ."

"అవునమ్మీ, ఉండనీ," అన్నాడు పెద్దమామ కూడా, మోటారు సైకిలు మనుషుల వైపు ఓరగా చూస్తూ.

ఇప్పుడు ఆదివారాలు ఎవరి పక్కన వాళ్లే కూర్చుంటారు. ఓట్లు ఎవరి పార్టీకి వాళ్లే వేసుకుంటారు. ఆరాధన అయ్యాక చిన్నమామ ఎదురింటికి పోయి, తమలపాకులు నమిలి, అన్నను నాలుగు తిట్టి, నాలుగు తిట్టించుకుని వస్తాడు. నేను మాత్రం ఫిర్యాదు వదల్లేదు, దొంగ దొంగే. కంపెనీ వాళ్లు చివరికి ఆ ఆరు ఫోటోలూ తీసేశారు, కండువాలు కప్పడానికి వాడికి ఇంకెవరి మామో దొరికి ఉంటాడు. చిన్నమామ ఫోన్లో మాత్రం పెద్దమామ ఇంకా అవతలి పార్టీలోనే ఉన్నాడు.